ముందు నువ్వు తిను

ఎదురుగా గోడకి చేరగిలబడి నేల మీద కూర్చున్న ఆవిడ నన్ను చూడటం లేదు. ఇన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నా కుర్చీలో కూర్చోదు, నా మొహం వంక చూడదు, చూపంతా ఆ ఆపరేషన్ గది తలుపు మీదే పెట్టింది. లోపల బల్ల మీద ఉన్నది నా కూతురు, నా నవ్య. ఆ తలుపుని చూడవలసింది నేను. నేనేమో ఈవిణ్ణి చూస్తున్నాను. ఈవిడ కొడుకు నడిపిన పికప్ బండే నా పిల్ల స్కూటీని గుద్దింది, తొడ ఎముక విరిచింది. విరిచినవాడి తల్లి ఇంట్లో తలుపేసుకుని కూర్చోవాలి, లేదంటే వచ్చి కాళ్ళ మీద పడి ఏడవాలి. ఈవిడ రెండూ చెయ్యదు. ఈ రాయపూర్‌కి దూరంగా, ఆరంగ్ అవతల ఏదో పల్లె నుంచి రోజూ బస్సెక్కి వస్తుంది, గుడ్డ కట్టిన స్టీలు గిన్నె నా పక్క కుర్చీలో పెడుతుంది, గోడవార చేరుతుంది. ఆ గిన్నె మూత నేను ఒక్కసారైనా తియ్యలేదు. సాయంత్రం అలాగే పట్టుకుపోతుంది, పొద్దున్న మళ్ళీ తెస్తుంది. బస్సు ఛార్జీ ఎవరిస్తున్నారు? కూలి మానుకుని రమ్మని ఎవరంటున్నారు? ఊరికే ఎవరూ రారు. మా వీధిలో పాలవాడు ఒక చెంచా పాలు ఎక్కువ పోస్తే మర్నాడు అప్పు అడుగుతాడు. ఇన్ని రోజులు మాట్లాడకుండా వచ్చి కూర్చునే మనిషి, రేపు ఏం అడగబోతోంది?

కొడుకు మెట్ల దగ్గర నిలబడ్డాడు. వీరేంద్ర. మీసం సరిగ్గా రాలేదు గాని బండి నడిపేస్తాడు. వాడు పారిపోకపోవడమే నన్ను తినేస్తోంది. గుద్దినవాడు పారిపోతాడు, అది లోకం తీరు. పారిపోకుండా, నా పిల్లని బండిలో బియ్యం బస్తాల మీదే పడుకోబెట్టుకుని తెచ్చాడంటే ఏదో ఉంది. దారిలో రెండు ఆసుపత్రులు ఉండగా వాటిని దాటి ఇక్కడికే ఎందుకు తెచ్చాడు? ఇక్కడి డాక్టరూ ఆ బండి యజమాని సేఠూ ఒకే క్లబ్బులో కూర్చుంటారేమో. ఎక్స్‌రేలో ఒక ముక్కని రెండు ముక్కలుగా చూపించారేమో, లేకపోతే రెండింటిని ఒకటిగా. డాక్టరు ఆ నల్ల కాగితం లైటుకి పెట్టి చూపిస్తే నేను తలూపాను గాని అది నా పిల్ల కాలో కాదో నాకేం తెలుసు. ఏడో తరగతిలో సైన్సు మేష్టారు బోర్డు మీద ఎముకలు గీసేవారు, అన్నీ నిటారుగా, తెల్లగా, ఒక్కటీ విరక్కుండా. ఈ నడవాలో ఫినాయిలు వాసన, కూలరు లోంచి నాచు వాసన. లిఫ్టు వచ్చి ఆగినప్పుడల్లా నా గుండె కూడా ఓసారి ఆగి మళ్ళీ మొదలవుతోంది, ఎందుకంటే లిఫ్టులోంచి ఇవాళ హవల్దారు దిగాలి.

భోజనాలయ్యాక వస్తానన్నాడు. మామూలుగా వచ్చినట్టు రాడట, ఇవాళ రాసుకుపోతాడట. నేను రెండింట్లో ఒకటి చెప్పాలి. కేసా, రాజీయా. రాజీ అంటే సేఠ్ ఆపరేషన్ ఖర్చు కడతాడు, ఇంటికి పంపేరోజు మొత్తం బిల్లు కడతాడు, అని ఆయన గుమాస్తా, ఆ మున్షీ చెప్పాడు, నోట్లో పాన్ పెట్టుకుని, నా మొహం కాకుండా నా మెడలో గొలుసు చూస్తూ. చేర్చుకునేటప్పుడు కట్టమన్నది ఆ సేఠే కట్టాడు, కాదనను. మిగతాది రాజీ అయ్యాకేనట. "కేసయితే మాత్రం బహన్‌జీ, కోర్టు చూసుకుంటుంది, మేం పైసా కట్టం. ఆపైన మీ అమ్మాయే రాంగ్ సైడ్ వచ్చిందని నలుగురు చెబుతారు." నలుగురు ఎవరు? ఆ రోడ్డు మీద ఆ వేళప్పుడు నలుగురు ఎక్కడి నుంచి వచ్చారు? కేసు రాయిస్తేనే బండి ఇన్సూరెన్సు వాళ్ళు కదులుతారు, వాళ్ళు కదిలినా కోర్టు చుట్టూ తిరిగి తిరిగి ఎప్పటికో ఇస్తారు, రాజీ అని ఒకసారి చెప్పేస్తే ఆ దారీ మూసుకుపోతుంది, అని యూనియన్ ఆఫీసులో వెంకటస్వామి గారు మా ఆయనకి విడమరిచి చెప్పారు. అంటే ఇప్పుడు కట్టేవాడు రేపు ఉండడు, రేపు కట్టేవాడు ఇప్పుడు లేడు. మధ్యలో నా పిల్ల కాలు. పిల్ల చేత చెప్పిద్దామంటే అది నొప్పి మందుల మత్తులో "ఎదురుగా వచ్చీసినాడమ్మా" అని ఒక్క ముక్క అని కళ్ళు మూసేసింది. ఎదురుగా అంటే ఎవరికి ఎవరు ఎదురు? చెవిలో ఆ తీగలు పెట్టుకుని పాటలు వింటూ వెళ్ళిందేమో. కన్నపిల్లని అనుమానిస్తున్నాను చూడు.

మా ఆయనకి ఇవేం పట్టవు. మల్లేశ్వరరావు గారంటే రైల్వే వాగన్ షాపులో అందరికీ మంచివాడు. నిన్న ఇక్కడే, ఈ కుర్చీలోనే, నా చెయ్యి పట్టుకుని అన్నాడు. "పోనీలే పైడీ. మన రైల్వే ఆస్పత్రి ఉన్నాది కదా. కార్డు సూపిస్తే అన్నీ ఆలే సూసుకుంటారు. ఈలతోటి మనకేటి గొడవ?"

"గుద్దింది రైలేటి? మరి రైల్వేవోలు ఎందుకు కడతారు?"

"ఎవులు కడితే ఏటి, మన జేబులోంచి కాదు కదే."

"నీ ఒళ్ళు ఇరిగిన సాకిరీ కాదేటి ఆ కార్డు? అది వోడ్ని కాత్తోందా, మనల్ని కాత్తోందా?"

ఆయన నవ్వాడు, ఏడవలేక. నా మాట విని కాదు, నా గొంతు నలుగురికీ వినపడుతోందని నవ్వాడు. కాని నేనన్నదాంట్లో తప్పేముంది? రైల్వే ఆసుపత్రికి మార్చేస్తే మర్నాడే ఆ మున్షీ అంటాడు, మీకు అంతా ఫ్రీగా అయిపోయింది కదా, ఇంకా మమ్మల్ని ఏం అడుగుతారు అని. మా ఆయన వాగన్ల కింద దూరి పని చేసి సంపాదించినదాన్ని తీసుకెళ్ళి సేఠ్ బండి చక్రాల కింద పరిచినట్టే కదా. అయినా ఆయన వినలేదు, ఇవాళ పొద్దున్నే రైల్వే డాక్టరు దగ్గరికి వెళ్ళాడు, ఈ ఆసుపత్రిలోనే ఉంచుతూ రైల్వే చేత కట్టించడానికి ఏదో సంతకం కావాలట, ఇంకా రాలేదు. ఫోనెత్తడు. ఆయనకేమైనా అయిందేమో. స్కూటరు మీద వెళ్ళాడు. ఈ ఊళ్ళో ఎవరి బండి ఎవరి మీదికి వస్తుందో ఎవరికి తెలుసు. ఆయన్ని కూడా ఇలాగే బస్తాల మీద పడుకోబెట్టి ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్ళారేమో, అక్కడ కూడా ఇంకో గోడవార ఇంకో తల్లి కూర్చుని ఉందేమో. ఛ, నోరు మూసుకో పైడమ్మా. నోరు మూసుకునే ఉన్నాను, మనసు మూసుకోవడమే రాదు.

దాలమ్మ వదిన చెప్పింది కదా, కాలనీలో మా పక్క క్వార్టరు, చెప్పడమేమిటి, నేను కళ్ళారా చూశాను. వాళ్ళ తమ్ముడు ఉర్లాలో ఏదో ఇనుము కార్ఖానాలో పని చేసేవాడు, క్రేను నడిపేవాడు చూసుకోకుండా గొలుసు వదిలితే కుడిచెయ్యి నలిగిపోయింది. మర్నాడు కంట్రాక్టరు మిఠాయి డబ్బాతో వచ్చాడు. "ఆడు మా ఇంటి మనిసే, జీవితమంతా మేమే సూసుకుంటాం" అన్నాడట. కట్టు ఉన్నన్నాళ్ళూ చూసుకున్నాడు. కట్టు విప్పాక గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరో ఎరగనట్టు పేరు అడిగాడు. ఆ చెయ్యి ఇప్పుడు కూడా గ్లాసు పట్టుకోదు, ఎడంచేత్తో అన్నం తింటూ తల ఎత్తడు ఆ మనిషి. నవ్యకి ఇలా అయిందని తెలిసి పరుగున వచ్చి నా తల నిమురుతూ వదిన అన్న మొదటి మాట అదే. "మిఠాయి డబ్బాతో వచ్చినోడిని నమ్మకే పైడమ్మా. మొకం తిప్పుకున్నోడికన్నా నవ్వినోడితోటే గండం." ఈ నేల మీద ఆవిడ నవ్వలేదు, మిఠాయి డబ్బా కూడా తేలేదు. తెచ్చింది ప్రసాదం.

అక్కడే కదా జరిగింది. పొద్దున్న. నవ్యని తీసుకెళ్ళడానికి ఆ చక్రాల మంచం తెచ్చారు, పిల్ల నా కొంగు పట్టుకుని వదల్లేదు, ఇంత పెద్దదయ్యింది, ఉద్యోగానికి పరీక్షలు రాస్తోంది, అయినా చంటిదాన్లా కొంగు పట్టుకుంది. వదిలించుకోలేక, వదిలించుకుంటే ఇదే ఆఖరిసారేమో అన్న పాపిష్టి ఆలోచన తోసుకొస్తుంటే నేనూ దాని వేళ్ళు పట్టుకునే నిలబడ్డాను. మంచం వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది. అప్పుడు ఈవిడ లేచి వచ్చింది. నడుముకి దోపుకున్న చిన్న గుడ్డ సంచి విప్పి, ఎండిన అన్నం మెతుకులు నాలుగు అరచేతిలో వేసుకుని నా ముందు చాపింది. "జగన్నాథ్ కే పరసాద్ హే బహినీ. నోనీ బర్." నోనీ అంటే వీళ్ళ భాషలో ఆడపిల్ల. నా ఆడపిల్ల కోసం పూరీ జగన్నాథుడి ప్రసాదం.

ప్రసాదం వద్దనకూడదు. మా విజయనగరం వైపు జగన్నాథుడంటే ఇంట్లో పెద్దమనిషి లెక్క. కాని పరాయి చేతిది తినకూడదు. పెళ్ళయి రాయపూర్ రైలెక్కేటప్పుడు మా అమ్మ కిటికీ ఊచల్లోంచి నా చెయ్యి పట్టుకుని చెప్పింది ఇదొక్కటే. "ఎరగని దేశం పోతన్నావు. ఎవులేటి పెట్టినా ముందు ఆల నోట్లోనే ఎట్టు. ఆలు తింటే నువ్వు తిను. మందు ఎట్టీసినారంటే మనిసి మనిసిలాగే ఉంటాది గాని మనసు ఉండదు." ఎవరెంత నవ్వినా ఆ మాట నేను వదల్లేదు. రైల్లో ఎవరైనా బిస్కెట్టు ఇస్తే, కాలనీలో కొత్తగా వచ్చినవాళ్ళు పాయసం ఇస్తే, "అయ్యో మీరు తినకుండానా" అని నవ్వుతూ మొదటి ముద్ద వాళ్ళ చేతే తినిపిస్తాను. మర్యాద అనుకుంటారు. "అమ్మకి సీఐడీలో ఉజ్జోగం ఇప్పించాల" అని నవ్య ఏడిపించేది. ఈ పొద్దున్న కూడా అదే చేశాను. ఆవిడ అరచేతిలోంచి రెండు మెతుకులు తీసి ఆవిడ నోటి దగ్గర పెట్టాను. "పహలే తుమ్ ఖావ్." ముందు నువ్వు తిను. ఆవిడ మింగుతుందా లేదా అని గొంతు మీదే చూపు పెట్టాను.

ఆవిడ మింగలేదు ముందు. నన్ను చూసింది. ఇన్నిరోజుల్లో మొదటిసారి నిండుగా చూసింది. కళ్ళు నిండిపోయాయి. నోరు తెరిచి, నా వేళ్ళ మీదనుంచే ఆ మెతుకులు తీసుకుంది. మింగింది. మిగిలిన రెండూ తన చేత్తో నా నోట్లో పెట్టింది, నేను వద్దనే లోపల. రెండు చేతులూ జోడించి "సీతారామ్, మహాపరసాద్" అంది. వెళ్ళి మళ్ళీ గోడవార కూర్చుంది. దేవుణ్ణి తలుచుకుందనుకున్నాను. నాలిక మీద ఆ మెతుకులు నానుతూ, కాస్త పుల్లగా, కాస్త కర్పూరంగా ఉన్నాయి, మందు రుచి ఇలా ఉంటుందా అని ఆలోచిస్తున్నాను. అంతలో వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. గ్రేస్. ఈ అంతస్తులో నర్సు, కాకినాడ వాళ్ళు గాని పుట్టింది ఇక్కడే, తెలుగు మాట్లాడే మనిషి దొరికిందని నేను రోజుకి పదిసార్లు పిలిచి విసిగించే పిల్ల.

"ఏంటాంటీ, ఆవిడతో మితాన్ కట్టేశారా? నేను లేకుండానే?"

"మితానేంటమ్మా?"

"అయ్యో, తెలీకే చేశారా? ఇక్కడోళ్ళకి అది పెద్ద కట్టుబాటాంటీ. జగన్నాథుడి ప్రసాదం ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుంటే ఇంక చచ్చేదాకా చుట్టాలే. అక్కచెల్లెళ్ళ కన్నా ఎక్కువ. పేరు పెట్టి కూడా పిలుచుకోరు, మహాపరసాద్ అనే పిలుచుకోవాలి. మా పనిమనిషి వాళ్ళమ్మా ఇంకొకావిడా ఇలాగే, ఒకళ్ళింట్లో చావొస్తే రెండో ఇంట్లో కూడా మైల."

"ఆవిడ పెట్టిందమ్మా నాకు. నేను కాదు."

"ముందు పెట్టింది మీరే కదాంటీ! నేను చూశాను. ఆవిడ ఏడ్చేసింది పాపం." మందుల ట్రాలీ తోసుకుంటూ వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి ఈ కుర్చీలో నేను మనిషిలా లేను. చచ్చేదాకా చుట్టం. ఆవిడ పేరు నాకు తెలియదు, ఎప్పుడూ అడగలేదు, ఇంక అడగకూడదట. పేరు తెలియని మనిషికి నేను అక్కో చెల్లెలో అయిపోయాను. చుట్టం కొడుకు మీద కేసెలా పెడతాను? అదే కదా వాళ్ళకి కావలసింది. ఆ సేఠే చెప్పి పంపించి ఉంటాడు. తెలివైన పన్నాగం, కాగితం అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు, నాలుగు మెతుకులు చాలు. అందుకే ఇన్నిరోజులు మూత తియ్యని గిన్నె మోసుకొచ్చింది. అన్నం తినదు గాని ప్రసాదమైతే కాదనదు అని నా సంగతి కనిపెట్టింది. సరిగ్గా పిల్ల లోపలికి వెళ్ళి తలుపు మూసుకున్న క్షణం చూసి, నా ప్రాణం గుమ్మానికి వేలాడుతున్న వేళ చూసి విప్పింది సంచి. కాని. కాని ముందు ఆవిడగా నా నోట్లో పెట్టబోలేదే. అరచేయి చాపింది, అంతే. నోనీ కోసం అంది. నేను చేత్తో తీసుకుని కళ్ళకద్దుకుని కొంగున కట్టుకుంటే అది ఒట్టి ప్రసాదమే అయి ఉండేది. నోటికి పెట్టింది నేను. మందు ఉందేమో చూద్దామని పెట్టింది నేను. నా అనుమానమే నన్ను కట్టేసే తాడు తీసుకెళ్ళి ఆవిడ చేతికి ఇచ్చిందా?

ఇప్పుడు హవల్దారు వస్తాడు. కేసు అంటాను. అన్న నోటితో మింగిన మెతుకులు ఇంకా కడుపులోనే ఉన్నాయి. లోపల నా పిల్ల తొడ కోసి ఉంది, రాడ్డు దిగుతూ ఉంటుంది, రక్తం కారుతూ ఉంటుంది. జగన్నాథుడు చూస్తూ ఉంటాడు, ఆయనకి రెప్పలు లేవు, మూతపడని గుండ్రటి కళ్ళు. ఈ నడవాలో నేను మాట తప్పిన క్షణాన అక్కడ డాక్టరు చెయ్యి జారితే? మత్తు ఎక్కువైతే? తల్లీ పైడితల్లీ, నువ్వు మా ఊరిదానివి, నువ్వు చెప్పు, తెలియక కట్టుకున్న చుట్టరికం లెక్కలోకి వస్తుందా? నిప్పు తెలియక ముట్టుకున్నా కాలుతుంది అంటావు, నాకు తెలుసు. పోనీ రాజీ అంటాను. దేవుడు ఊరుకుంటాడు, పిల్ల బయటికి వస్తుంది, మున్షీ మిఠాయి డబ్బా తెస్తాడు. కట్టు విప్పాక? రాడ్డు తియ్యాలన్నా, కాలు పొట్టిదైపోయినా, పరీక్ష పాసై ఉద్యోగానికి పిలిస్తే అక్కడ నడిచి చూపించమన్నా? అప్పుడు ఆ గేటు దగ్గర నా పిల్ల పేరు అడుగుతారు. దేవుడికి భయపడితే పిల్ల కాలు పోతుంది, కాలుకి భయపడితే పిల్లే పోతుంది. ఏ తల్లికైనా ఇంతకన్నా ఇరుకు గుమ్మం ఉంటుందా? ఆవిడ అక్కడ పెదాలు కదుపుతోంది. జపమా, శాపమా? వేళ్ళ కణుపులు లెక్కపెడుతోంది. కాళ్ళకి చెప్పులు లేవు, మడమలు ఎండిన చెరువులా పగిలి ఉన్నాయి. ఇది కూడా వేషమేనా, మడమలు ఎవరైనా పగలగొట్టుకుని వస్తారా, పైడమ్మా?

లిఫ్టు ఆగింది. హవల్దారు దిగాడు. వెనకాలే మున్షీ దిగాడు. ఇద్దరూ ఒకే లిఫ్టులో. ఇద్దరి నోళ్ళలోంచీ పాన్‌లో వేసే కిమామ్ వాసన, ఒకటే. మున్షీ చేతిలో మిఠాయి డబ్బా ఉంది, ఎర్ర కాగితం చుట్టింది. దాలమ్మ వదినా, చూశావా.

"హాఁ మాతాజీ," హవల్దారు కుర్చీ లాక్కున్నాడు, "క్యా లిఖూఁ? మామలా కి సమ్‌ఝౌతా?" ఏం రాయమంటావు, కేసా రాజీయా అని.

నేను నోరు తెరిచే లోపల మున్షీ నవ్వాడు. "అరే సాహెబ్, ఇంక సమ్‌ఝౌతా ఏమిటి. ఇప్పుడే కింద విన్నాను, వీళ్ళిద్దరూ మహాపరసాద్ అయిపోయారట. ఘర్ కీ బాత్ ఘర్ మే." ఇంటి మాట ఇంట్లోనేనట. కింద ఎవరు చెప్పారు ఇతనికి? గ్రేసా? వీరేంద్రా? మెట్ల దగ్గర వాడు తల దించుకున్నాడు. హవల్దారు ఈ దేశపువాడే, ఆ మాట వినగానే ముఖం మారిపోయింది, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "అచ్ఛా? నిజమా మాతాజీ?" కలం మూత పెట్టబోతున్నాడు. ఆ మూత చిటుక్కుమంటే అయిపోతుంది. నా పిల్ల కాలు ఆ చిటుక్కులో ఉంది.

నాకు అప్పుడు మా అమ్మ మాట వినపడింది. ముందు ఆల నోట్లోనే ఎట్టు. పెట్టినవాళ్ళ చేతే ముందు తినిపించు.

"హాఁ," అన్నాను. "నిజమే." నా కాలనీ హిందీ, సగం తెలుగు. లేచి నేల మీద ఆవిడ దగ్గరికి వెళ్ళాను. పిలవాలి, ఎలా పిలవాలో ఒకటే దారి ఉంది. "మహాపరసాద్."

ఆవిడ ఉలిక్కిపడి లేచింది.

"నాకు మీ కట్టుబాట్లు తెలియవు. నువ్వే చెప్పు, అందరి ముందూ చెప్పు. మహాపరసాద్‌తో అబద్ధం ఆడొచ్చా?"

"నై." వెంటనే అంది. నాకన్నా గట్టిగా. "మహాపరసాద్ సంగ్ లబారీ నై చలయ్." లబారీ అంటే అబద్ధం, అది చెల్లదు అంటోంది. నాకంటే ముందు హవల్దారుకి అర్థమైంది, తల ఊపాడు.

"అయితే నీ కొడుకు నాకేమవుతాడు?"

ఆవిడకి తెలిసిపోయింది నేను ఎక్కడికి లాగుతున్నానో. ఆ కళ్ళలో చూశాను, ముందు భయం వచ్చింది, నాకు బాగా తెలిసిన భయం, ఇన్నాళ్ళూ అద్దంలో నాకు కనిపించేది అదే. కొడుకుని చూసింది. తలుపుని చూసింది. వాణ్ణి చెప్పమంటుందనుకోలేదు. నేనైతే అనను.

"ఏ బీరేందర్," అంది. "ఇహాఁ ఆ. తోర్ దాయీ పూఛత్ హే. బతా." ఇటు రా, నీ తల్లి అడుగుతోంది, చెప్పు. తల్లి అన్నది నన్ను.

వాడు వచ్చాడు. నా కాళ్ళ దగ్గర చూస్తూ చెప్పాడు. బ్రేకు పడలేదట. నెల్లాళ్ళుగా సరిగ్గా పడటం లేదట. సేఠ్‌కి చెప్పాడట, ఈ మిల్లు లోడు అయ్యాక చేయిద్దాం అన్నారట, తర్వాత లోడుకీ అదే మాట. "దీదీ తన సైడులోనే వచ్చింది అమ్మా. నేనే తిప్పలేకపోయాను."

"చుప్ బే!" మున్షీ అరిచాడు. డబ్బా చంకలోకి వెళ్ళింది. "నీకు ఉద్యోగం అక్కర్లేదా? నీ పేరే రాస్తారు ముందు, తెలుసా?"

అది నిజమే. ముందు వాడి పేరే రాస్తారు. బండి తర్వాత, బండి ఎవరిదో ఆ తర్వాత. ఆ సంగతి వాడికీ తెలుసు, వాళ్ళమ్మకీ తెలుసు, అయినా ఆవిడ కొడుకు భుజం మీద చెయ్యి తియ్యలేదు. ఆ చెయ్యి నొక్కి ఉంది. నాకు జాలేసింది, వెంటనే జాలి మీదా అనుమానం వచ్చింది, తప్పంతా సేఠ్ మీదికి తోసి బయటపడదామని తల్లీ కొడుకూ బస్సులోనే అనుకుని వచ్చారేమో, బ్రేకులు బాగానే ఉన్నాయేమో. ఎవరికి తెలుసు. బండిని చూడమనాలి, చూసేవాడిని ఎవరు చూస్తారు. కాని తన సైడులోనే వచ్చింది అన్నాడు. ఆ ఒక్కమాట ఈ నడవాలో అందరూ విన్నారు, అటు తలుపు దగ్గర ఆయా విన్నది, హవల్దారు విన్నాడు. నలుగురు సాక్షులని బెదిరించారు కదా, ఇదిగో నా నలుగురు.

"మామలా," అన్నాను. "రాసుకో సాబ్. అతను చెప్పింది చెప్పినట్టు రాసుకో."

హవల్దారు కలం మూత తీశాడు. మున్షీ మెట్ల మీదనుంచే దిగిపోయాడు, లిఫ్టు కోసం ఆగలేదు, దిగుతూనే ఫోనులో "హలో, హలో సేఠ్‌జీ" అంటున్నాడు. ఇంక ఆయన కట్టడు. కింద గాజు కిటికీ దగ్గర బిల్లు అలాగే ఉంటుంది, రోజూ పెరుగుతూనే ఉంటుంది, మా ఆయన తెచ్చే సంతకం వస్తుందో రాదో, వస్తే ఈ ఆసుపత్రి ఒప్పుకుంటుందో లేదో. ఎవరు కట్టినా చివరికి ఆ సేఠ్ దగ్గరికే వెళ్ళి వసూలు చెయ్యండి అని రైల్వే వాళ్ళకి కూడా నేనే చెబుతాను, వెంకటస్వామి గారిని వెంటేసుకుని వెళ్ళి చెబుతాను. అన్నీ తర్వాత. కేసు అన్నాను, జగన్నాథుడు విన్నాడు. ఇప్పుడు ఆ తలుపు తీసుకుని ఎవరొచ్చి ఏం చెబుతారో. నేను అబద్ధం ఆడలేదు స్వామీ. చుట్టరికం కాదనలేదు. ఆవిడ కొడుకుని నా కొడుకు అనే అడిగాను. కొడుకు తప్పు చేస్తే కొడుకు పేరు చెప్పకూడదని నీ ప్రసాదంలో ఉందా? ఆవిడ మళ్ళీ గోడవారకి వెళ్ళలేదు. ఎటు కూర్చోవాలో తెలియనట్టు నా కుర్చీ పక్కనే నిలబడింది, ఆ స్టీలు గిన్నె కుర్చీలోంచి తీసి చేతిలో పట్టుకుంది. గుడ్డ ముడి విప్పుతోంది, మళ్ళీ కడుతోంది. నేను ఆ చేతులనే చూస్తున్నాను. ఈ కంగారు కొడుకు కోసమా, నా కూతురి కోసమా, లేక నామీద కోపమా?

తలుపు తెరుచుకుంది. పచ్చ గుడ్డల్లో, మూతికి ముసుగుతో ఎవరో బయటికి వచ్చారు. ఆడో మగో తెలియలేదు, కళ్ళు మాత్రమే ఉన్నాయి, ఆ కళ్ళలో ఏముందో తెలియలేదు.

"నవ్య కీ మా కౌన్ హై?" నవ్య తల్లి ఎవరని.

"మై," అన్నాను నేను.

పక్కనుంచి, అదే క్షణంలో, "మై" అని వినపడింది.

ఆ ముసుగు మనిషి ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. నేను ఆవిణ్ణి ఆగమనలేదు. ఇద్దరం ఒక్కసారే అన్నామని హవల్దారు తర్వాత అందరికీ చెప్పాడు. నాకు మాత్రం అనుమానమే. నాకన్నా ఒక గుక్క ముందు ఆవిడే అందని.